తాతల తోపులో పందొమ్మిదో నిమిషం

బ్యాంకాక్‌కు చాలా దూరంగా ఉన్న మా యూనివర్సిటీలో, సినిమా చదువులు చెప్పే భవనం వెనక తాతల తోపు ఉంది. చీకటి పడ్డాక అటు ఎవరూ వెళ్ళరు.

భయమని మాత్రం ఒప్పుకోరు. చదువుకున్న పిల్లలు కదా! "దోమలు అమ్మమ్మా" అంటారు. "పాములు అమ్మమ్మా" అంటారు. పన్నెండు మంది కలిసి వెళ్ళినప్పుడు ఆ దోమలు కుట్టవు, ఆ పాములు కరవవు. ఇదేం విచిత్రమో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

తోపు మధ్యలో చెక్కగుడి. గుడి ముందు చారల గుర్రాల బొమ్మలు, మూత తీసి స్ట్రా వేసి పెట్టిన ఎర్రసోడా సీసాలు. లోపల ఉండేది ఈ ఊరు కట్టి, ఎప్పుడో పోయిన మొదటి తాతలు. ఎంతమందో ఎవరికీ తెలియదు. వాళ్ళకు ఒక్కటే పిచ్చి... సినిమా.

మొక్కుకున్న పని జరిగితే, తాతలకు తెర కట్టి సినిమా వేయించాలి. తెర ముందు కుర్చీలు వేయాలి. వాటిలో మనుషులు కూర్చోకూడదు. మొదలుపెట్టిన సినిమా మధ్యలో ఆపకూడదు. కుర్చీల వైపు టార్చి వేయకూడదు.

ఒక వాచ్‌మన్ వేశాడు. ఏం కనిపించిందిరా అని ఎంతమంది అడిగినా చెప్పలేదు. మర్నాడే ఉద్యోగం మానేసి, గుండు చేయించుకుని భిక్షువుల్లో చేరిపోయాడు. ఇప్పుడు భిక్షకు వచ్చినా ఈ గేటు దాకా రాడు, అవతలి సందులోంచి తిరిగి పోతాడు.

ఆ భవనం కిందే నా కొట్టు. పచ్చి బొప్పాయి రోట్లో దంచి, జిగురన్నంతో పెడతాను. కొట్టు గోడకు ఒక బోర్డు. ఏ రోజు ఏముందో అందులో ఉంటుంది. నేనే స్వయంగా రాసుకున్నది. అక్షరాలు కొంచెం వాలుతాయి, గాలికి వాలిన వరికంకుల్లాగా.

నా భర్త తొంగ్‌బై, అతని స్నేహితుడు సంరాన్ కలిసి ఊరూరా ప్రొజెక్టర్ బండి నడిపేవారు. ఆ రోజుల్లో కొన్ని రీళ్ళకు గొంతు ఉండేది కాదు. తెర పక్కన ఒకడు మైకు పట్టుకుని మాటలన్నీ అప్పటికప్పుడు చెప్పాలి. హీరో, హీరోయిన్, విలను, ముసలమ్మ, కుక్క — అన్నీ మా ఆయనే. సినిమా బాగాలేకపోతే మధ్యలో సొంత మాటలు కలిపేసేవాడు. జనం వాటికోసమే వచ్చేవారు. నాకప్పుడు అక్షరం ముక్క రాదు. పోస్టరు మీద ఏముందో ఆయనే చదివి వినిపించేవాడు. నేర్పవయ్యా అంటే, "నీకెందుకే అక్షరాలు, నా గొంతు ఉండగా?" అనేవాడు.

ఆయన పోయి పదకొండేళ్ళయింది. బండి సంరాన్ దగ్గరే ఉంది. తాతల మొక్కులే ఇప్పుడతనికి బేరాలు.

ఇక క్రిత్తిన్ సంగతి.

నాలుగో ఏడాది కుర్రాడు. మెడలో కెమెరా, ఎండలో కూడా నల్లచొక్కా. కొట్టు దగ్గరికి వచ్చినప్పుడల్లా రెండు చేతుల వేళ్ళూ చతురస్రంలా పెట్టి, అందులోంచి నన్ను చూసేవాడు. మనిషిని మనిషిలా చూడటం ఆ నాలుగేళ్ళలో ఎవరూ చెప్పలేదేమో. పాఠాల్లో లేదేమో.

ఆఖరి పరీక్షకు వాళ్ళు సొంతంగా ఒక సినిమా తీయాలి. క్రిత్తిన్ తీసినదాని పేరు "మౌనానికి చేతులు". నలభై నిమిషాలు. అందులో ఒక తడిగోడ ఆరుతుంది. తర్వాత ఆరేసిన బట్టలు ఆరతాయి. ఆ తర్వాత నా చేతులు పదకొండు నిమిషాలు రోట్లో దంచుతాయి.

"మొహం తియ్యవా నాయనా?" అని అడిగాను. నేను ఆ రోజు పౌడరు రాసుకున్నాను మరి.

"మొహం వద్దమ్మమ్మా. మొహం ఉంటే కథ ఏమిటని అడుగుతారు."

"అడిగితే చెప్పొచ్చుగా?"

నవ్వాడు. చిన్నపిల్లను చూసి నవ్వినట్టు నవ్వాడు. కానీ నా బోర్డు మాత్రం బాగా నచ్చింది. "ఆ వంకర అక్షరాలున్నాయే, అచ్చమైన అమాయకత్వం! ఆఖర్లో కెమెరా మెల్లగా దాని మీదికి పోతుంది" అన్నాడు. అమాయకత్వం కాదురా, నడుం నొప్పి, ఆ గోడ దగ్గర వంగి రాయాలి — అందామనుకుని ఊరుకున్నాను.

ఆ సినిమాకు శబ్దం పని ఫైలిన్‌ది. చెరుకు కొట్టే కుటుంబంలోంచి స్కాలర్‌షిప్ మీద వచ్చిన పిల్ల. చెవికి చిన్న బూరెంత డబ్బాలు పెట్టుకుని, కర్రకు కట్టిన మైకును నా రోటి మీద పట్టుకుని, రోకలి చప్పుడు విని కళ్ళు మూసుకునేది. "అమ్మమ్మా, మొదటి దెబ్బకీ పదో దెబ్బకీ గొంతు మారుతుంది, విన్నావా?" అనేది. ముప్ఫై ఏళ్ళు దంచాను, నేనెప్పుడూ వినలేదు. ఆ పిల్ల చెప్పాక విన్నాను. నిజమే!

క్రిత్తిన్ ఆ చప్పుడంతా తీసేయమన్నాడు. "సంతలా ఉంది. మౌనం అని పేరు పెట్టి ఈ గోలేమిటి?"

నాలుగేళ్ళు శబ్దం నేర్చుకున్న పిల్ల, శబ్దం లేని సినిమాకు పరీక్ష రాయాలన్నమాట.

పరీక్షకు ముందు సాయంత్రం కంప్యూటర్ సినిమా మొత్తాన్నీ మింగేసింది. తెరిస్తే ఖాళీ. క్రిత్తిన్ కుర్చీని తన్ని వెళ్ళిపోయాడు. ఫైలిన్ మాత్రం ఎర్రసోడా కొనుక్కుని తాతల తోపుకు వెళ్ళింది. ఒక్కతే వెళ్ళింది.

"తాతలూ, సినిమా దొరికి, మేం పాసైతే... మీకు తెర కట్టిస్తాను."

తిరిగి వచ్చి తెరిచేసరికి సినిమా అక్కడే ఉంది.

పాసయ్యారు, సగం. విపాదా మేడం ఆ చదువులకు పెద్ద టీచరు. కళ్ళద్దాలు తుడుచుకుంటూ అన్నదట, "ఇందులో శబ్దం చేసిన అమ్మాయికి నేను దేనికి మార్కులు వేయాలి? శుక్రవారం హాల్లో అందరి ముందూ వేస్తాం. బయటి నుంచి పరీక్ష చేసేవారు వస్తారు. ఆ రోజు సినిమా మొదటి నుంచి చివరి దాకా ఆడాలి. లేకపోతే ఇద్దరూ మళ్ళీ ఏడాది చదవాలి."

క్రిత్తిన్ మళ్ళీ చదవగలడు. వాళ్ళ నాన్నకు కార్ల షోరూం ఉంది. ఫైలిన్‌కు స్కాలర్‌షిప్ ఒక్కసారి ఆగితే ఆగినట్టే. నేరుగా చెరుకు తోటకే.

ముందు మొక్కు తీర్చాలి. సంరాన్‌ను నా కొట్టు దగ్గరికే పిలిచారు. క్రిత్తిన్ బల్ల మీద కూర్చుని కాళ్ళు ఊపుతున్నాడు.

"మామా, నీ తెర, నీ కుర్చీలు చాలు. నీ రీళ్ళ డబ్బా వద్దు."

"డబ్బా లేకుండా తాతలకు ఏం చూపిస్తావు, నీ మొహమా?"

"నా సినిమా."

సంరాన్ నా వైపు చూశాడు. నేను దంచడం ఆపాను.

"అందులో ఫైటింగు ఉందా?"

"లేదు."

"కామెడీ?"

"లేదు."

"పోనీ, ఎవరైనా ఏడుస్తారా?"

"చూసేవాళ్ళు లోలోపల ఏడుస్తారు."

"ఆ మాట మాత్రం నమ్ముతాను" అన్నాడు సంరాన్.

ఫైలిన్ మెల్లగా అంది, "క్రిత్తిన్, వాళ్ళకు ఇష్టమైనది వేద్దాం. మొక్కింది నేను. నా పేరు మీద ఉంది..."

"వందేళ్ళుగా వాళ్ళు చెత్త చూస్తున్నారు ఫైలిన్! ఒక్క రాత్రయినా అసలు సినిమా అంటే ఏమిటో చూడనీ. వాళ్ళ అభిరుచి బాగుపడుతుంది." కాళ్ళు ఊపడం ఆపి నవ్వాడు. "అయినా, లేచి వెళ్ళిపోలేని ప్రేక్షకులు ఏ దర్శకుడికి దొరుకుతారు చెప్పు?"

సంరాన్ జిగురన్నం బుట్ట మూత పెట్టేశాడు. ఇంకా సగం ఉంది.

మంగళవారం రాత్రి తెర కట్టారు. ఆ రాత్రి నేను అక్కడ లేను. ఫైలిన్ చెప్పింది చెబుతున్నాను. మర్నాడు పొద్దున చెబుతుంటే ఆ పిల్ల చేతిలో అన్నం ఉండ అలాగే ఉండిపోయింది.

నలభై ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలు. నాలుగు వరసలు. గాలి లేదు. సంరాన్ తన బండిలో కూర్చుని కళ్ళు మూసుకున్నాడు. తాతల సినిమాకు అతనెప్పుడూ అంతే.

క్రిత్తిన్ తెర ముందుకు వెళ్ళి నిలబడ్డాడు. ఖాళీ కుర్చీలకు ఉపన్యాసం ఇచ్చాడు.

"ఇది కథ ఉన్న సినిమా కాదు. ఇది కాలం గురించి. అర్థం కాకపోతే తప్పు మీది కాదు, మీకు అలవాటు లేదు. అయ్యాక ప్రశ్నలు అడగొచ్చు."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. తనే కొట్టుకున్నాడు.

సినిమా మొదలైంది. తడిగోడ. కీచురాళ్ళు అరుస్తున్నాయి... తడిగోడ ఇంకా తడిగానే ఉంది.

ఏడో నిమిషంలో ముందు వరసలో ఒక కుర్చీ కిర్రుమంది. కాలు మార్చుకుని కూర్చుంటే వచ్చే చప్పుడు.

కీచురాళ్ళు ఆగిపోయాయి.

పద్నాలుగో నిమిషం... బట్టలు ఆరుతున్నాయి. వెనక వరసలోంచి ఒక పొడుగాటి శ్వాస. లోపలికి... లోపలికి... ఆగి, మెల్లగా బయటికి.

"ఆవులింత అమ్మమ్మా" అంది ఫైలిన్. "ఇంకెవరైనా గాలి అనుకుంటారు. నాకు చప్పుళ్ళు తెలుసు. పళ్ళు లేని నోటి ఆవులింత."

పందొమ్మిదో నిమిషం. తెర మీదికి నా చేతులు వచ్చాయి. చప్పుడు లేకుండా రోకలి లేచింది, పడింది. లేచింది, పడింది.

ఒక కుర్చీ కాళ్ళు నేల మీద గీసుకున్నాయి.

తర్వాత రెండు.

తర్వాత... వాన మొదలైనట్టు. నాలుగు వరసలూ.

తొందరేం లేదు. ఎండుటాకుల మీద అడుగులు. ముసలి అడుగులు, ఈడ్చుకుంటూ, గేటు వైపు...

"కూర్చోండి!" అని అరిచాడు క్రిత్తిన్. "ఇంకా ఇరవై నిమిషాలుంది! అసలు ఘట్టం ఇప్పుడే మొదలైంది!"

ఆకుల చప్పుడు ఒక్క క్షణం ఆగింది.

మళ్ళీ కదిలింది.

తెర మీద బొమ్మ బిగుసుకుపోయింది. నా చెయ్యి రోకలి ఎత్తి, ఎత్తినట్టే ఉండిపోయింది. క్రిత్తిన్ టార్చి వేశాడు.

కుర్చీలు లేవు.

నలభై కుర్చీలూ సంరాన్ బండి పక్కన ఉన్నాయి. ఒకదానిలో ఒకటి పేర్చి, పదేసి చొప్పున నాలుగు దొంతరలు.

సంరాన్ కళ్ళు తెరవకుండానే అన్నాడట, "మా రోజుల్లో సినిమా నచ్చకపోతే తెర మీదికి చెప్పులు విసిరేవాళ్ళు. వీళ్ళు పెద్దమనుషులు. కుర్చీలు సర్దిపెట్టి వెళ్ళారు."

జూనియర్ల పనే అన్నాడు క్రిత్తిన్. చెట్ల వెనక దాక్కుని చేశారన్నాడు. అతని దగ్గర ప్రతిదానికీ ఒక కారణం ఉంటుంది. అలాంటి మనిషికి ప్రపంచంలో ఆశ్చర్యమే ఉండదు. ఆశ్చర్యం లేనివాడు సినిమా ఎందుకు తీస్తాడో!

బుధవారం పొద్దున డిపార్టుమెంటు కంప్యూటర్లో సినిమా వేశారు. పందొమ్మిదో నిమిషంలో ఆగింది. నా చెయ్యి గాల్లో.

ఇంకో కంప్యూటర్లో వేశారు. పందొమ్మిదో నిమిషం.

"వేడి" అన్నాడు క్రిత్తిన్. ఏసీ గదిలో వేశారు. పందొమ్మిది. "వైరు" అన్నాడు. వైరు మార్చారు. పందొమ్మిది. విపాదా మేడం సొంత మెషీన్‌లో, క్రిత్తిన్ ఫోన్‌లో, కొత్తగా తీసిన కాపీలో... ప్రతిదానిలో నా చెయ్యి రోకలి ఎత్తుకుని నిలబడింది.

మధ్యాహ్నం ఫైలిన్ నా కొట్టు వెనక, గిన్నెలు తోమే చోట కూర్చుని ఏడ్చింది.

"తాతలు ఇచ్చింది తాతలే తీసుకున్నారు అమ్మమ్మా. ఎల్లుండి శుక్రవారం. ఇంట్లో ఏం చెప్పాలి? ఒకడు తాతలకు ఉపన్యాసం ఇచ్చాడు, అందుకని నేను ఫెయిలయ్యాను అని చెప్పనా?"

"ముందు అన్నం తిను" అన్నాను. "సంరాన్‌ని పిలుస్తాను."

సంరాన్ వచ్చి చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. "మామూలు సినిమా వేస్తే ఇప్పుడు సరిపోదు. అవమానం జరిగింది. వాళ్ళకు అన్నిటికంటే ఇష్టమైంది వేయాలి. గుర్రాలదొంగ కథ." ఆగాడు. "దానికి గొంతు లేదు. తొంగ్‌బై పోయాక ఆ రీలు నేను పెట్టెలోంచి తీయలేదు."

నేను ఇంటికి వెళ్ళి ట్రంకుపెట్టె తెరిచాను. అడుగున ఒక నోటుపుస్తకం. గుర్రాలదొంగ కథకు మా ఆయన రాసుకున్న మాటలన్నీ అందులో ఉన్నాయి. ఆయన పోయాక అక్షరాలు నేర్చుకుని, నేను మొట్టమొదట చదివిన పుస్తకం అదే. ముసలమ్మ మాటల పక్కన "సైబువా లాగా చెప్పాలి" అని ఉంటుంది. సైబువా అంటే నేను. ఎన్ని ఊళ్ళలో నన్ను వెక్కిరించి డబ్బు సంపాదించాడో!

"ఇక గొంతు నువ్వే" అని నోటుపుస్తకం ఫైలిన్ చేతిలో పెట్టాను. సంరాన్ తన దగ్గరున్న క్యాసెట్లు తెచ్చాడు. మా ఆయన మాటలు చెబుతుంటే ఎప్పుడో పట్టినవి. ఫైలిన్ వాటిని తన కంప్యూటర్లోకి ఎక్కించి రాత్రంతా విన్నది. పొద్దునకు విలను నవ్వు కొంచెం వచ్చింది.

"మరి నేను?" అన్నాడు క్రిత్తిన్. రాకుండా ఉండలేకపోయాడు, డిగ్రీ కదా.

"నువ్వు గుర్రం" అన్నాడు సంరాన్.

"ఏంటి?"

"గుర్రానివి నాయనా. డెక్కల చప్పుడు నీది." రెండు కొబ్బరిచిప్పలు అతని చేతిలో పెట్టాడు. "దర్శకుడుగారికి ఆ మాత్రం తాళం తెలిసే ఉంటుంది."

గురువారం చీకటి పడగానే మొదలుపెట్టారు. ఈసారి నేనూ వెళ్ళాను. తెర వెనక చాప వేసుకుని కూర్చున్నాను. అక్కడి నుంచి బొమ్మలు తిరగబడి కనిపిస్తాయి, దొంగ ఎడమచేత్తో కత్తి దూస్తాడు. మా ఆయన మైకు పట్టుకున్నన్నాళ్ళూ నేను సినిమాలు అలాగే చూశాను.

మొదట్లో ఫైలిన్ నోటుపుస్తకంలో వేలు పెట్టుకుని చదివింది. విలను మాటలు జలుబు చేసిన ఆడపిల్ల చెప్పినట్టున్నాయి. గుర్రం మూడు కాళ్ళ మీద పరుగెత్తింది.

"నాలుగో కాలు ఏదిరా?" అని గుసగుసగా తిట్టాడు సంరాన్.

తర్వాత ముసలమ్మ వచ్చింది. దొంగను చీపురుతో కొట్టే ముసలమ్మ. ఫైలిన్ ఒక్కసారి ఊపిరి పీల్చి, నా గొంతుతో అంది... "ముందు అన్నం తిను సచ్చినోడా, తర్వాత కొడతాను!"

నేను ఉలిక్కిపడ్డాను.

తెర అవతల... నవ్వు. ఒక్కరిది కాదు. లోతుగా, బొంగురుగా, చాలామంది పెద్దవాళ్ళు ఒకేసారి నవ్వినట్టు.

"కప్పలు" అన్నాడు క్రిత్తిన్. చిప్పలు వాయించడం మాత్రం ఆపలేదు. ఆ తర్వాత గుర్రం నాలుగు కాళ్ళ మీదే నడిచింది.

ఆఖరి రీలు అయ్యేదాకా ఒక్క కుర్చీ కదల్లేదు. మర్నాడు పొద్దున చూస్తే వరసలు అలాగే ఉన్నాయి. గుడి ముందు సీసాలన్నిటిలో సోడా సగానికి దిగింది. చీమలట!

శుక్రవారం హాలు నిండిపోయింది. బ్యాంకాక్ నుంచి వచ్చిన పరీక్షాధికారి అంత ఎండలో మెడకు ఉన్ని గుడ్డ చుట్టుకుని కూర్చున్నాడు. నన్ను కూడా పిలిచారు, చేతులు నావి కదా. వెనక వరసలో కూర్చున్నాను. పక్కన ఫైలిన్. నా చెయ్యి పట్టుకుంది.

"అమ్మమ్మా, ఒక పని చేశాను" అంది చెవిలో. "నీ రోకలి చప్పుడు మళ్ళీ పెట్టేశాను. అతనికి చెప్పలేదు. ఫెయిలైతే ఎలాగూ ఫెయిలే. నా చప్పుడుతోనే ఫెయిలవుతాను."

తడిగోడ. బట్టలు. పరీక్షాధికారి గడియారం చూసుకున్నాడు.

పద్దెనిమిదో నిమిషం...

పందొమ్మిది.

నా చేతులు. రోకలి లేచింది...

పడింది. "ధన్" మంది హాలంతా. మళ్ళీ లేచింది, పడింది. సినిమా ఆగలేదు. ఫైలిన్ నా చెయ్యి వదిలి మొహం కప్పుకుంది. ముందు వరసలో క్రిత్తిన్ చివాలున వెనక్కి తిరిగాడు.

అప్పుడు వినిపించింది.

"అమ్మలారా, అయ్యలారా! నిద్రపోయినవాళ్ళను లేపకండి. వాళ్ళు మనకంటే అదృష్టవంతులు!"

హాలు ఒక్క క్షణం బిత్తరపోయింది. ఆ వెంటనే భళ్ళున నవ్వింది.

మా ఆయన గొంతు. మైకులో కొంచెం గరగరలాడే గొంతు. సినిమా బాగాలేని ప్రతి ఊళ్ళో చెప్పే మాటే అది.

"ఈ సినిమా తీసినవాడు ఇక్కడ ఉంటే చెయ్యి ఎత్తాలి... వద్దు బాబూ, వద్దు! దించు. జనం చూస్తారు!"

క్రిత్తిన్ చెయ్యి నిజంగానే సగం లేచి ఉంది. పరీక్షాధికారి పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. విపాదా మేడం కళ్ళద్దాలు తీసి కళ్ళు తుడుచుకుంటోంది. నేను ఫైలిన్ వైపు చూశాను. అది తల అడ్డంగా ఊపింది. నోరు తెరిచే ఉంది.

"నేను... నేను రోకలి ఒక్కటే పెట్టాను అమ్మమ్మా."

ఆ పదకొండు నిమిషాలూ నవ్వులు తగ్గలేదు. తెర మీద కెమెరా నా చేతుల మీంచి మెల్లగా జరిగి, గోడ మీదికి, బోర్డు మీదికి పోయింది. నా అక్షరాలు తెర నిండా వచ్చాయి. ఒక్కొక్కటి మనిషంత.

గొంతు తగ్గింది. మైకు పక్కన పెట్టి మాట్లాడినట్టు... నాకు ఒక్కదానికే చెప్పినట్టు.

"ఒసేయ్ సైబువా... ఆ బోర్డు నువ్వే రాశావా?"

"నేనేనయ్యా" అన్నాను.

గట్టిగానే అన్నానేమో. నాలుగు వరసలు వెనక్కి తిరిగి చూశాయి. ముసలిది సినిమాతో మాట్లాడుతోందని ఇంకోసారి నవ్వారు.

శబ్దానికి ఆ ఏడాది అందరికంటే ఎక్కువ మార్కులు ఫైలిన్‌కే వచ్చాయి. సినిమాలో ప్రాణమున్నది ఆ పదకొండు నిమిషాల్లోనే అని పరీక్షాధికారి రాశాడట. క్రిత్తిన్ వేదికెక్కి, సామాన్యుల గొంతును మౌనంతో ఢీకొట్టించడం మొదటినుంచీ తన ఆలోచనేనని చెప్పాడు. మెడలో పూలదండ కూడా వేయించుకున్నాడు. గుర్రం పాత్ర గురించి మాత్రం చెప్పలేదు.

గొంతు ఎలా వచ్చిందన్నది రెండు రోజులు పెద్ద చర్చ. చివరికి తేల్చారు. క్యాసెట్లు ఎక్కించింది ఆ కంప్యూటర్లోనే కదా, హడావిడిలో ఒక ముక్క సినిమాలో కలిసిపోయి ఉంటుంది. సంరాన్ కూడా ఒప్పుకున్నాడు. మైకులో పెళ్ళాన్ని పేరు పెట్టి పిలవడం తొంగ్‌బైకి అలవాటేనన్నాడు. అందరికీ ప్రాణం కుదుటపడింది. తోపులో మళ్ళీ దోమలు, పాములు మాత్రమే ఉన్నాయి.

ఊరికి వెళ్ళే రోజు ఫైలిన్ చివరిసారి తినడానికి వచ్చింది. సాయంత్రం. నేను కొట్టు కడుతూ బోర్డును గోడ మీంచి తీసి, తోపు వైపు తిప్పి ఆనించాను.

"అటెందుకు పెట్టావు అమ్మమ్మా?"

"చదువుకుంటాడని."

అది నవ్వింది. నా భుజం మీద చెయ్యి వేసింది. "అమ్మమ్మా... అది క్యాసెట్ కదా."

"అవునే తల్లీ, క్యాసెట్టే" అన్నాను. "ఆయన పోయి పదకొండేళ్ళు. నేను మొదటి అక్షరం దిద్దుకుని ఏడేళ్ళు. ఈ బోర్డు నేను రాసింది, పోయిన వానాకాలంలో."

ఫైలిన్ చేతిలో అన్నం ఉండ నోటి దాకా వెళ్ళి ఆగిపోయింది.